ముందు పళ్ళు పోయిన ట్రాంబోన్

ఇంగ్లండులోని కోవెంట్రీలో ఇరవై ఆరేళ్ళుగా సిటీ బస్సు నడుపుతున్న వినెట్ ప్రైస్ చేతికి ట్రాంబోన్ వచ్చింది ఆ చేతుల పొడవు వల్లే. బళ్ళో సంగీతం గదిలో ఉన్న ట్రంపెట్లన్నీ మగపిల్లలు ముందే ఎగరేసుకుపోయారు. మూల నిలబెట్టిన ఆ పొడవాటి ఇత్తడి వాయిద్యం మాత్రం మిగిలింది. దాని జారుడు గొట్టాన్ని చివరిదాకా తోయాలంటే చెయ్యి అందాలి కదా. పన్నెండేళ్ళకే మేష్టార్ని మించి ఎదిగిన వినెట్‌కి అందింది.

ఇంటికి తెచ్చి ఊదిన మొదటిరోజు, వంటింట్లోంచి తల్లి కేకేసింది. ఆవిడ జమైకా నుంచి వచ్చి ఆసుపత్రిలో ఆయాగా పనిచేసేది.

“ఎవరే ఆ ఆవుని ఇంట్లోకి తోలుకొచ్చింది?”

పదిహేడో ఏట వీధి చివరింటి ఆస్టన్ గిటారు పట్టుకుని పాడతానంటే ఏడుగురు పోగై బ్యాండు కట్టారు. నలుగురు నల్లవాళ్ళు, ముగ్గురు తెల్లవాళ్ళు. అందరి తండ్రులూ కార్ల ఫ్యాక్టరీలోనే కాబట్టి బ్యాండు పేరు ‘లేట్ షిఫ్ట్’. వాయించేది స్కా, జమైకాలో పుట్టిన చిందుల సంగీతం. ఒకే వేదిక మీద వీళ్ళ తర్వాత, గిటార్లు బాదుతూ అరిచి పాడే పంక్ బ్యాండ్లూ ఎక్కేవి. పంక్ పిల్లలకి నచ్చితే వేదిక మీదికి ఉమ్మేవాళ్ళు. వినెట్ తన తెల్లచొక్కా ఉతుక్కుంటూ, “ఇవాళ బాగా మెచ్చుకున్నారమ్మా” అని తల్లికి చెప్పేది.

‘లేట్ షిఫ్ట్’కి గొప్ప పేరేమీ రాలేదు. ఒక్క పాట నిలబడింది, ‘అద్దె గది’. దాని మధ్యలో ట్రాంబోన్ ఒంటరిగా వాయించే వరస జనం నాలుకల మీద ఉండిపోయింది. ఆ తర్వాత వినెట్ ఇద్దరు పిల్లల్ని పెంచింది, బస్సు తోలింది, వేసవి వస్తే బ్యాండుతో ఊళ్ళు తిరిగింది.

అరవై రెండో ఏట జనవరిలో, డిపో ఆవరణలో మంచు మీద జారి బోర్లా పడింది. పై వరసలో ముందు పళ్ళు రెండూ పోయాయి. ట్రాంబోన్ ఊదేవాళ్ళకి ఆ పళ్ళే గోడ. పెదవి ఆనుకునేది వాటికే. డాక్టరు కట్టుడు పళ్ళు పెట్టాడు గానీ, ఊదితే ఈల వచ్చేది, గాలి పోయేది. ట్రాంబోన్ పెట్టె మంచం కిందికి తోసేసింది. ఏడాదికి పైగా తియ్యలేదు.

మోర్‌కాంబ్‌లో సముద్రం ఒడ్డున స్కా, పంక్ బ్యాండ్ల పండగ ఒకటుంది. దానికి పిలుపు రాగానే ఆస్టన్ ఇంటికే వచ్చేశాడు.

“వేరేవాణ్ణి చూసుకో” అంది వినెట్.

“చూశాను. బానే వాయించాడు. వాడి పక్కన నిలబడితే బ్యాంకులో లైనులో ఉన్నట్టుంది. నువ్వు రావే తల్లీ.”

మర్నాటి నుంచి భోజనం విరామంలో, డిపోలో ఆపి ఉంచిన ఖాళీ బస్సు వెనక సీట్లో కూర్చుని సాధన మొదలుపెట్టింది. రెండు నెలలకి పెదవి దారికొచ్చింది.

ఆగస్టు శనివారం మధ్యాహ్నం మూడింటికి వేదిక ఎక్కింది. ఎండ, ఉప్పుగాలి. ముందు వరసల్లో నెరిసిన తలల స్కా జనం, వాళ్ళ పక్కనే పచ్చజుట్టూ ఎర్రజుట్టూ నిక్కపొడుచుకున్న పంక్ జనం. మొదటి రెండు పాటలూ హాయిగా నడిచాయి. మూడోది ‘అద్దె గది’. తన వంతు రాగానే వినెట్ ముందుకొచ్చి ఊపిరి తీసుకుని గట్టిగా ఊదింది. నాలుగో స్వరం దగ్గర కట్టుడు పళ్ళు ఊడి నాలుక మీద పడ్డాయి.

డ్రమ్స్ ఆగలేదు. ఆస్టన్ కళ్ళెగరేశాడు. వినెట్ పళ్ళు అరచేతిలోకి తీసుకుంది, కోటు జేబులో వేసుకుంది. ఇక చేసేదేముందని మైకు దగ్గరికి నడిచి, ఆ వరసని నోటితోనే ఎత్తుకుంది.

“పాం, పపాం, పా...”

సగంలోనే జనం అందుకున్నారు. నలభై ఏళ్ళుగా తెలిసిన వరస మరి. వేలమంది ఒక్క గొంతుతో ట్రాంబోన్ అయిపోయారు. వేదిక పక్కన తమ వంతుకోసం నిలబడ్డ జిలియన్ ఉండబట్టలేక మైకు దగ్గరికి ఉరికింది. ప్రెస్టన్ ఊరి పంక్ బ్యాండు గాయని, యాభై అయిదేళ్ళ మనిషి. పై పెదవి ఎత్తి తన పళ్ళ మధ్య సందు చూపించింది.

“నాదీ పోయింది అక్కా! ఎనభై తొమ్మిదిలో, ఎవడి బూటో తగిలి. ఊదు, ఏం పర్లేదు!”

నవ్వాపుకోలేక వినెట్ ట్రాంబోన్ ఎత్తి నోటి పక్కకి, కోరపన్ను ఉన్న చోటికి ఆనించింది. వచ్చిన శబ్దం బొంగురుగా, మొరటుగా ఉంది, శ్రుతి మాత్రం తప్పలేదు. ఆ వరస మళ్ళీ మొదటినుంచి వాయించింది. పంక్ జనం కంచె పట్టుకుని ఊగిపోయారు. ఒకడు సంతోషం పట్టలేక బీరు గ్లాసు విసిరాడు. అది ఆస్టన్ చొక్కాకి తగిలింది.

కిందికి దిగాక ఆస్టన్ చొక్కా పిండుకుంటూ అన్నాడు, “ఇకనుంచి పక్కనోటితోనే వాయించు. ఇంతకుముందు మరీ మర్యాదగా ఉండేది.”

“ఈ మాట నలభై ఏళ్ళకి చెప్తున్నావా?”

“అప్పుడు నీ పళ్ళు చూసి భయపడేవాణ్ణి.”

అప్పటినుంచీ వినెట్ అలాగే వాయిస్తోంది. కట్టుడు పళ్ళు బస్సు నడపడానికీ, ఫొటోలకీ. ఆ రోజు మాత్రం వేదిక వెనక గుడారంలో జిలియన్ పంచిపెట్టిన, వెనిగర్‌లో నాని మెత్తబడ్డ చిప్స్‌ని తాపీగా చప్పరించింది. తర్వాత జిలియన్ బ్యాండు ఎక్కుతుంటే వేదిక ముందుకొచ్చి నిలబడింది. పాటకి గెంతడానికి సిద్ధమవుతున్న కుర్రకారు ఒక్కొక్కరే వచ్చి తోలుకోట్లు ఆమెకి అప్పజెప్పారు.

“పట్టుకుంటావా ఆంటీ?”

“ఇలా పడెయ్యండి. పోయి గెంతుకోండి.”

పదకొండు కోట్లు భుజాల మీదా చేతుల మీదా మోస్తూ, గిటార్ల రొదలో, వినెట్ మడమలతో తాళం వేస్తూ నిలబడింది.