మానుకోట చర్చిలో కింది గొంతు

పోయిన నవంబరులో టీచర్ల శిక్షణకని సువార్త జనగామ వచ్చి మా ఇంట్లో ఒక పూట ఉంది. అరవై తొమ్మిదిలో ఉద్యమం వల్ల కాలేజీలు మూతబడి, మా ఎమ్మే చదువు ఎటూ తేలక ఆగిపోయిన రోజుల్లో సువార్త, కమల, నేను హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఇప్పుడు సువార్త మానుకోటలో పంతులమ్మ. అక్కడి చర్చిలో ఇరవై ఏళ్ళుగా పాడుతోంది. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "క్రిస్మస్‌కు ముందు రోజు మా పాటల కచేరీ ఉంటది. కమలను తోలుకొని రా. వచ్చే ఏడు గిట్ల ఉంటదో లేదో" అంది. ఎందుకుండదని అడిగితే నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు నాకు అర్థం కాలేదు. అందుకే కమలను తీసుకుని బయలుదేరాను.

జనగామ నుంచి పొద్దున ఏడింటి ప్యాసింజరు ఎక్కితే మానుకోటకు నేరుగా వెళ్ళవచ్చు. ఆ రోజు ఎనిమిది దాటాక వచ్చింది. కాజీపేటలో చాలాసేపు ఆగుతుంది కాబట్టి టిఫిను అక్కడే కానివ్వడం మంచిది. టికెట్టు మనిషికి పది రూపాయల లోపే. దిగేసరికి మధ్యాహ్నమైంది. మానుకోట అన్న బోర్డు కోసం చూస్తూ కూర్చుంటే దాటిపోతారు. స్టేషను బోర్డు మీద మహబూబాబాద్ అని ఉంటుంది, బండిలో అందరూ మానుకోట అనే అంటారు.

చర్చి దగ్గరికి రిక్షా రెండు రూపాయలు. జనగామ నుంచి పాటలు వినడానికి వచ్చామని తెలిసి రిక్షా అతను వెనక్కి తిరిగాడు. "మైకు వెడితె మా గల్లీ దాక ఇనవడ్తయక్కా. గందుకు జనగామ కెల్లి రావాల్నా?"

"ఇంట్ల కూసుంటె తిడ్తరని వచ్చినం" అంది కమల. దేవరుప్పుల మనిషి, మాటకు మాట ఆమె దగ్గర సిద్ధంగా ఉంటుంది.

సువార్త ఇల్లు చర్చి వెనకాలే. మేం వెళ్ళేసరికి ఆమె పొయ్యి ముందు కూర్చుని పాడుతోంది. ఆమె తల్లి మార్తమ్మ గడపలో చిక్కుడుకాయలు తుంచుతోంది. పాట విని నేను తికమకపడ్డాను. ఒకే స్వరం మీద చాలాసేపు కూర్చుని, రెండు మెట్లెక్కి, మళ్ళీ అక్కడికే దిగుతోంది. ఎక్కడా రాగం కట్టడం లేదు. హాస్టల్లో అంత బాగా పాడిన మనిషికి గొంతు పోయిందా? చెప్పాలా, వద్దా?

కమల నా చెవిలో, "గిది పాటనా, ఎక్కాలు అప్పజెప్తున్నదా?" అంది.

మార్తమ్మకు ఏం వినిపించిందో గానీ, "నెల సంది గిదే పాట బిడ్డ. వండినా గిదే, తోమినా గిదే. నాకు నిద్రల సుత వస్తున్నది" అంది.

అన్నాలు తింటుండగా సువార్త అసలు సంగతి చెప్పింది. వాళ్ళ పాటలో నాలుగు గొంతులు నాలుగు దారుల్లో వెళతాయి. అందరికీ తెలిసిన రాగం పై గొంతుది. ఆడవాళ్ళలో కింది గొంతును ఆల్టో అంటారు, అది సువార్తది. పోయినేడు ఆ వరుసలో ముగ్గురుండేవారు. ఒకామెకు బదిలీ అయింది, ఒకామె పెళ్ళై వెళ్ళిపోయింది. ఈసారి సువార్త ఒక్కతే. పాట నేర్పే ప్రసాదరావు గారు గుంటూరు వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చినాయన. ఈ కచేరీలో ఆల్టో నిలబడకపోతే వచ్చే ఏటినుంచి అందరూ ఒకే రాగం పాడాలని తేల్చేశారట.

"ఇర్వై ఏండ్ల సంది నిలవెట్టినం వసంతా. నా చేతుల్ల పోవద్దు" అంది నాతో. "మీరు మాత్రం జర దూరం కూసోండ్రి. మీకు ఎవరన్న పాడుతుంటె కూనిరాగం తీసే అలవాటు. ఆ పై రాగం చెవిన పడ్డదంటే నేను దాని ఎంబడి పోత."

కచేరీ సాయంత్రం ఆరింటికి. ప్రవేశం ఉచితం. ఐదున్నరకే బెంచీలు నిండాయి. మేం వెనక్కి వెళ్ళబోతుంటే మార్తమ్మ నా చేయి పట్టుకుని ముందు వరుసలో తానెప్పుడూ కూర్చునే బెంచీకి నడిపించింది, కిటికీ పక్కన కూర్చుని మమ్మల్ని తన పక్కన కూర్చోబెట్టింది. సువార్త సరిగ్గా మా ఎదురుగా నిలబడింది. లేచి వెళ్ళాలా? వెళితే ఆమె ఇంకా కంగారు పడుతుందా? ఆలోచిస్తుండగానే మొదలైపోయింది. మొదటి పాట అయ్యాక కమల చప్పట్లు కొట్టింది. చర్చిలో ఇంకెవరూ కొట్టలేదు. ఆమె చేతులు మెల్లగా పైటలోకి వెళ్ళిపోయాయి.

నాలుగో పాట సువార్త పొయ్యి దగ్గర పాడినదే. మొదటి చరణం నిలిచింది. రెండో చరణంలో వెనక బెంచీల వాళ్ళు తెలిసిన పాట కదా అని పై రాగం అందుకున్నారు. మేం నోళ్ళు మూసుకున్నా ఏం లాభం, చర్చంతా అదే రాగం. సువార్త గొంతు ఒక మెట్టు పైకి జారింది. ఆమె ముఖం తెల్లబోయింది. చేత్తో పాట నడిపిస్తున్న ప్రసాదరావు గారు ఆమె వైపున్న చేయి దించేశారు.

అప్పుడే నా పక్కనుంచి బొంగురు గొంతు లేచింది. మార్తమ్మ పాడుతోంది. ఒకే స్వరం మీద కూర్చుని, రెండు మెట్లెక్కి, మళ్ళీ దిగే అదే పాట. మనుషులు తిరిగి చూశారు.

"తప్పు పాడుతున్నది, ఆపు" అంది కమల నాతో. నేను మార్తమ్మ మోకాలి మీద చేయి వేశాను. వేశాక ఎటూ తోచలేదు, తప్పెవరిది? ఇంతలో సువార్త తన తల్లి వైపు చూసింది. చూస్తూనే కిందికి దిగి ఆ స్వరం పట్టుకుంది. ప్రసాదరావు గారి చేయి మళ్ళీ లేచింది. నేను నా చేయి తీసేశాను. వంటింట్లో ఎక్కాల్లా వినిపించిన పాటే ఇప్పుడు పై రాగం కింద నేలలా ఉంది. ఆ నేల లేకుండా పై రాగం అంత ఎత్తు వెళ్ళేదా అనిపించింది.

తర్వాత ఆవరణలో టీ, కేకు పంచారు. ప్రసాదరావు గారు వచ్చి, "ముందు బెంచీలో పాడింది ఎవరండీ?" అన్నారు. సువార్త తల వంచుకుంది.

"నేనే అయ్యా" అంది మార్తమ్మ. "గంతమంది తలో దిక్కు పోతున్నరు. నా బిడ్డొక్కతే అసలు పాట పాడుతున్నది. తోడుండద్దా మరి?"

"అయితే ఆల్టోలో ఇద్దరున్నారన్నమాట. వచ్చే ఏడూ నాలుగు గొంతులేనమ్మా" అన్నారాయన సువార్తతో. సువార్త నవ్వలేదు, ఏడవలేదు; తల్లి చేతిలోని కేకు ముక్క విరిచి నోట్లో పెట్టుకుంది.

మర్నాడు తిరుగు బండిలో కమలా నేనూ జనగామ దాకా వాదించుకున్నాం. మార్తమ్మకు పై రాగమే తెలియదని కమల, కూతుర్ని నిలబెట్టడానికి కావాలనే పాడిందని నేను. ఇరవై ఏళ్ళుగా ఆ బెంచీలో కూర్చునే మనిషికి పై రాగం తెలియకుండా ఉంటుందా? తెలిస్తే, అది అసలు పాట అని ప్రసాదరావు గారితో అంత ధీమాగా ఎలా అంది? ఇల్లు చేరాక కమల మాటే నిజమేమో అనిపించింది. ఇది రాస్తుంటే మళ్ళీ అనుమానంగానే ఉంది. మీరు వెళితే ఐదింటికల్లా చేరండి, చప్పట్లు కొట్టకండి, ఆల్టో వినాలంటే ముందు వరుసలో కూర్చోండి. కిటికీ పక్క చోటు మాత్రం ఖాళీగా ఉంచండి.