అవ్వ ఇంట్లో కుండ

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే బస్సులో, నేను తయారుచేస్తున్న కంప్యూటర్ ఆట తాలూకు పటం ఒళ్లో పరుచుకుని కూర్చున్నాను. పాత వీడియో గేముల్లా గళ్లుగళ్లుగా కనిపించే ఊరు, కోట, రాక్షసుడు. ఆట ఇంకా సగమే అయింది. ఆడి ఎలా ఉందో చెప్పమని బస్టాండు దగ్గరి నెట్ సెంటర్‌లో పెట్టాను. అందరూ కత్తియుద్ధాలు చాలవనే అన్నారు.

పక్క సీటులోని కాలేజీ అమ్మాయి పటాన్ని గుర్తుపట్టింది.

“గీ ఆట మీరు గూడ ఆడిన్రా అన్నా?”

చేసింది నేనేనంటే మొహమాటపడుతుందని, ఆడానన్నాను.

“మంచిగుంది. నేనైతే అవ్వ ఇంటికాడనే ఆగిపోయిన.”

“ఆడ కుండ పలగ్గొట్టాలె. కోట తాళంచెవి దాంట్లనే ఉంటది.”

“ఎర్కే అన్నా. నెట్ సెంటర్ల అందరు గదే చెప్పిన్రు. గని ఇంట్లకు పోంగనే అవ్వ ‘రా బిడ్డా, కూసో’ అంటది. గట్లన్న మనిషి సూస్తుంటే ఎట్ల పలగ్గొడ్త?”

“ఉత్త బొమ్మనే గద,” అన్నాను.

“బొమ్మనే,” అందామె.

చెరకు బండ్ల వెనక బస్సు మెల్లగా పోతోంది. పటం మడిచేశాను. బోధన్ వచ్చేదాకా ఆ అమ్మాయి ముఖం చూడలేకపోయాను.

కుండ ఉన్న గది బోసిగా ఉందని అవ్వను ఓ మూల నిలబెట్టింది నేనే. ఆమె ఎటు చూస్తోందో మాత్రం ఎన్నడూ చూడలేదు.