పాచి పట్టని పైపు

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, యాసంగి నాట్లు మొదలయ్యే వేళకు నన్ను బాన్సువాడ సెక్షన్‌కు ఏఈగా వేశారు. నీటిపారుదల శాఖలో ఏఈ అంటే అసిస్టెంట్ ఇంజనీరు. మా పైన డీఈ, ఆ పైన ఈఈ, అందరికన్నా పైన రైతు. ఆ వయసులో నేనింకా ఏఈగానే ఎందుకున్నానని అడగకండి. ప్రమోషన్ నా కోసం బయలుదేరి దారి తప్పింది.

మా పని పద్ధతి కాస్త చెప్పాలి. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువ, దాని గట్టులోంచి పొలాలకు తూములు. నీళ్లు చాలని ఏడాది వంతులు పెడతాం. పైవాళ్ల వంతులో పై తూములు తెరుస్తాం. చివరివాళ్ల వంతులో పైవన్నీ మూసి నీళ్లు కిందికి వదులుతాం. ఆ చివరను మేం టెయిల్ అంటాం. తూములు తెరవడం, మూయడం లష్కర్ పని. మా లష్కర్ యూసుఫ్ పొద్దంతా గట్టు మీదే ఉండేవాడు.

కాగితం మీద చక్కటి ఏర్పాటే. కానీ ఎవరూ చూడకుండా గట్టు కింద ఒక పైపు దూరిస్తే, తూము మూసినా పొలం తడుస్తూనే ఉంటుంది.

హన్మాండ్లు పొలం పిల్ల కాలువ మొదట్లోనే ఉండేది. పాలిచ్చే బర్రెలు, నోటినిండా మాటలు ఆయన ఆస్తి. ఆ సీజన్‌లో ఆయన తూము మూసి ఉండగా మడి నిండి ఉండటం యూసుఫ్ చూసి చెప్పాడు. నోటీసు ఇచ్చి తూము పూర్తిగా బంద్ చేసే అధికారం మాకుంది. నేను కలం తీసేలోపే హన్మాండ్లు కండువాతో కళ్లు ఒత్తుకుంటూ ఆఫీసుకొచ్చాడు. “తప్పయింది మేడమ్. బుద్ధి గడ్డి తిన్నది. పైపు పీకేసిన, గిదిగో” అంటూ ఒక పైపు నా బల్ల ముందు పెట్టాడు. నా మనసు కరిగింది. చాయ్ తెప్పించాను.

నెల తిరక్కుండానే మళ్లీ అదే మడి, అవే కన్నీళ్లు, ఇంకో పైపు. ఈసారి పిల్లల మీద ఒట్టు కూడా వేశాడు. మూడోసారి ఆయన గుమ్మంలో కనబడగానే మా అటెండర్ అడక్కుండానే చాయ్‌కు బయలుదేరాడు.

ఆ మూడో పైపును నేను చేతిలోకి తీసుకున్నాను. కాలువ నీళ్లు పారిన పైపులో పాచి పడుతుంది, వేలు పెడితే జారుతుంది. ఇందులో వేలు పెడితే దుకాణం దుమ్ము అంటింది. మూలన పడేసిన మిగతా రెండూ చూశాను. అవీ అంతే. అసలుది గట్టు కింద హాయిగా పారుతోంది. ఆయన ఏడుపు మాత్రం నకిలీ కాదు. తూము పోతుందన్న భయంతో నిజంగానే ఏడ్చాడు.

ఒళ్లు మండిపోయింది. నోటీసు రాసి డీఈ గారి సంతకానికి పంపాను. డీఈ గారు మీటింగులో ఉన్నారు. ఆయన ఎప్పుడూ మీటింగులోనే ఉంటారు. పైపు ఎక్కడుందో తెలియకుండా తవ్వితే గట్టే కొట్టుకుపోతుంది కాబట్టి నేనూ చేతులు కట్టుకుని కూర్చున్నాను.

ఈలోగా టెయిల్‌లో సాయవ్వ వరి ఎండుతోంది. భర్త పోయిన మనిషి, ఆ మడి మీదే ఇంటి తిండి. పైరు పొట్టకొచ్చింది, అంటే వెన్ను ఇంకా కాండంలోనే ఉంది. ఆ దశలో తడి తప్పితే గింజ కట్టదు. నేను వెళ్లేసరికి మడి నెర్రెలు బారింది. “గిప్పుడు రాని నీళ్లు ఇగ ఎందుకు మేడమ్?” అని అడిగింది. చూస్తామన్నాను. ఆఫీసు భాషలో అదీ ఒక సమాధానమే.

ఆ వారంలోనే ఒక పొద్దున హన్మాండ్లు మళ్లీ వచ్చాడు. చేతిలో పైపు లేదు, కంట్లో నీళ్లు లేవు. మోకాళ్ల దాకా నల్లమట్టి. నమస్తే కూడా పెట్టకుండా నన్నే తిట్టడం మొదలుపెట్టాడు.

తిట్ల మధ్యలోంచి నేను ఏరుకున్న సంగతి ఇది. టెయిల్‌లో ఎవరో పచ్చి వరిని మేతకు అమ్ముతున్నారని విని, బర్రెలకు అగ్గువకు దొరుకుతుందని ట్రాలీ తీసుకుని పోయాడు. అక్కడ సాయవ్వ తన పైరు తానే కోస్తోంది. అప్పటికి సగం మడి అయిపోయింది. “నీళ్లు రాలె తమ్మీ, గొడ్ల కడుపన్న నిండని” అన్నదట. మోపు కడుతూ ఈయన ఒక కాండం చీల్చి చూశాడు. లోపల తెల్లటి లేత వెన్ను.

“గింజకు పాలు సుత పట్టలె మేడమ్. దాన్ని నా బర్లకు ఏయబోతి” అన్నాడు. అక్కడే, ‘నీ నీళ్లు తాగింది నా పైపే అక్కా’ అని ఆమెకు చెప్పేశాడట. కొడవలి చేతిలో ఉన్న మనిషికి ఆ మాట చెప్పడానికి గుండె కావాలి.

ఏమన్నదని అడిగాను.

“ఏమంటది? తిట్టింది. నా తాతను సుత ఇడువలె. మీరెన్నడన్న గట్ల తిట్టిన్రా? ఏడ్చినప్పుడల్లా చాయ్ పోస్తిరి!”

లేచి చెప్పులు వేసుకున్నాను.

యూసుఫ్‌ను తీసుకుని గట్టు మీదికి పోయాను. పైపు తవ్వి బయట పడేసి ఉంది, లోపల నిండా పచ్చటి పాచి. తవ్విన చోట హన్మాండ్లే నల్లమట్టి నింపి దిమ్మిసతో గట్టిగా కొట్టాడు. అప్పుడు నడుస్తున్నది హన్మాండ్లు వంతే. అయినా తన తూముకు తానే మట్టి బస్తాలు అడ్డం పెట్టుకున్నాడు. టెయిల్‌కు పోయే ఆ నీళ్లకు దారిలో ఎవరూ చేయి పెట్టకుండా కర్ర పట్టుకుని గట్టు వెంట తిరుగుతూ అందరినీ బూతులు తిట్టాడు. “ఇగ నా నౌకరి గీయనకే ఇయ్యిన్రి మేడమ్” అన్నాడు యూసుఫ్. డీఈ గారి సంతకంతో నోటీసు వచ్చేసరికి బంద్ చేయడానికి తూము మిగల్లేదు.

ఆ నీళ్లు అంది సాయవ్వకు మిగిలిన సగం మడి గింజ కట్టింది. కోసిన సగం మోళ్లుగానే ఉండిపోయింది, దాన్ని ఎవరం ఏమీ చేయలేకపోయాం. కోతలయ్యాక హన్మాండ్లు తన కుప్పలోంచి ఆ సగానికి సరిపడా వడ్లు తీసుకెళ్లి ఆమె ఇంటి ముందు దించాడట. సాయవ్వ అప్పుడూ తిట్టిందట. వడ్లు మాత్రం లోపల పోయించుకుంది.

నాకు తెలిసొచ్చింది ఇంతే. తన తూము పోతుందని బాధపడేవాడు తూము మూయగలవాళ్ల దగ్గరికి వస్తాడు. అది విచారం. తప్పు తెలిసినవాడు ఎండిన మడి దగ్గరికి పోతాడు, పశ్చాత్తాపమంటే అది. ఆ తర్వాత ఆఫీసులో ఎవరు ఏడ్చినా నేను చాయ్ తెప్పించలేదు. “నాకెందుకు చెప్తారు, టెయిల్‌కు పోయి చెప్పి రండి” అని పంపేదాన్ని. సరే మేడమ్ అంటూ కళ్లు తుడుచుకుని లేచేవారు. గేటు దాటాక చాలామంది బస్టాండు వైపు తిరిగేవారు. టెయిల్‌కు దారి అటు కాదు.