పసుపు కడిగిన నెంబరు

బుడ్డోడా! ముప్పై దాటినా నిన్ను ఇట్లాగే పిలిచాను. ఇప్పుడు పిలిస్తే పలకవు. అందుకే నీ సంగతి ఈ చదివేవాళ్ళకు చెప్పుకుంటున్నాను.

పోయిన నెలలో, కువైట్‌లోని ఎగైలాలో నేను వంటచేసే ఇంట్లో బియ్యం కడుగుతుంటే ఫోను వచ్చింది. ఫర్వానియాలో నా కొడుకు గదిలోనే ఉండే మా ఊరతను. "పెద్దమ్మా, నువ్వు ముందు కూర్చో" అన్నాడు. నేను కూర్చోలేదు. బుడ్డోడికి గుండెపోటట, ఆసుపత్రికి చేరేలోపే అంతా అయిపోయిందట. మామా, అంటే మా యజమానురాలు, వచ్చి కుళాయి కట్టేసి నన్ను పట్టుకుంది.

నాకు చదువు తక్కువ. ఏడుపు రాయడం రాదు. వాడికి ఏడుపు నచ్చదు కూడా. కాబట్టి వాడు చిన్నపిల్లాడిలా గంతులేసిన రోజు గురించి రాస్తాను.

వాడు షువైఖ్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్. వాడికి వీసా ఇచ్చిన యజమాని, ఇక్కడి మాటలో కఫీల్, దుబాయి నుంచి ఒక కారు తెప్పించాడు. కారంటే కారు కాదు, పెట్టెల్లో ముక్కలు! ఇంజిను ఒక పెట్టెలో, తలుపులు ఇంకో పెట్టెలో. అన్నీ మనమే బిగించుకోవాలి. శుక్రవారం నాకు సెలవు. నేను వెళ్తే వాడు ఆ ఇనుప చట్రం కింద దూరి ఉండేవాడు, కాళ్ళు మాత్రం కనపడేవి.

"తిన్నావా?" అంటే, "నెంబరు రానీమా, అప్పుడు తింటా" అనేవాడు. "బోల్టు బిగించేదానికి బలం కాదుమా, బిగుసుకునే చప్పుడు వినే చెవి కావాల" అని కూడా అనేవాడు.

కారు బిగించడం ఒక ఎత్తు, దానికి ఇక్కడ నెంబరు తెచ్చుకోవడం ఇంకో ఎత్తు. ప్రతి ముక్కకూ కాగితం ఉండాలి. ఏదీ మార్చినట్టు కనపడకూడదు. మొదటిసారి పరీక్షలో లైట్లు సరిగా లేవని ట్రాఫిక్ ఆఫీసువాళ్ళు తిప్పి పంపారు.

రెండోసారి తప్పు నాది.

కొత్త బండికి పసుపు, బొట్టు పెట్టకుండా రోడ్డెక్కిస్తామా? కానీ ఆ కారుకు ముఖం ఏదో నాకు తెలియలేదు. చట్రం మీద చెక్కిన అంకెలు చూపించి, "దీని పేరూ పుట్టుకా అంతా ఇందులోనే ఉండాదిమా" అన్నాడు వాడు. సరే, అదే నుదురనుకున్నాను. వాడు అటు తిరిగినప్పుడు పసుపు తడిపి దట్టంగా పూసి, మీద కుంకుమ పెట్టాను.

పరీక్ష రోజు ఫోను చేశాడు. నవ్వుతో మాట రావడం లేదు.

"ఏం పూసినావుమా దానికి? ఆఫీసరు గోటితో గీకి వాసన చూసినాడు. 'ఇదేంది, కూరా?' అంటాడు!"

నవ్వాడు గానీ, పని చెడింది. అంకెల గుంతల్లో పసుపు గట్టిపడింది. నెంబరు మార్చి పైన పూత పూశారేమోనని అనుమానించి వెనక్కి పంపేశారు. కఫీల్ అయితే, "ఇంకొక్కసారి వెనక్కొస్తే ఖలాస్. ముక్కలు చేసి అమ్మేస్తా" అన్నాడట. ఎనిమిది నెలల కష్టం నా వేలి పసుపుతో పోతుందని ఫోనులోనే ఏడ్చేశాను.

"ఏడ్వాకుమా. శుక్రవారం పాత బ్రష్షూ నిమ్మకాయా తీసుకొని రా. పెట్టినదానివి నువ్వే కడుగు" అన్నాడు.

కడిగాను. పళ్ళు తోమినట్టు ఒక్కొక్క అంకెనూ తోమాను. వాడు పక్కనే లైటు పట్టుకుని, "ఆ ఎనిమిది కడుపులో ఇంకా ఉండాది చూడు" అని ఆటపట్టించాడు.

మూడోసారి పరీక్షకు పోయిన రోజు నా చెవి ఫోను మీదే. ఉల్లిపాయలు రెండుసార్లు మాడ్చాను. "నీ కొడుకు కారుకు నెంబరు వచ్చేదాకా మాకు అన్నం లేదా?" అని మామా వేళాకోళం చేసింది. ఇంతలో గేటు బయట హారన్! ఎర్రటి కారు, ముందు కొత్త నెంబరు పలక! కఫీల్ పక్క సీట్లో, నా కొడుకు స్టీరింగు దగ్గర.

"వచ్చిందిమా! వచ్చింది!" అని దిగి రోడ్డు మీద గంతులేశాడు. నన్ను ఎత్తి తిప్పాడు. కఫీల్ దిగి నాకు సీటిచ్చి, "యల్లా, అమ్మను తిప్పుకొని రా" అన్నాడు. లోపలికెళ్ళి వాడికని కట్టి ఉంచిన చిత్రాన్నం డబ్బా, కుంకుమ పొట్లం తెచ్చుకుని ఎక్కాను.

వీధి చివర ఆపి, "ఇప్పుడు పెట్టుమా బొట్టు. చక్రానికి పెట్టు, నెంబరు జోలికి పోవాకు" అన్నాడు. పెట్టాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు చెప్పాడు. డబ్బా వాడి చేతికిచ్చాను. ఆ సీట్లోనే కూర్చుని, గ్రీజు చేతులు తుడుచుకుని, మాట్లాడుతూ, నవ్వుతూ, మెతుకులు రాలుస్తూ డబ్బా ఖాళీ చేశాడు. అంత ఆనందంగా తినడం నేను మళ్ళీ చూడలేదు.

మొన్న కఫీల్ పలకరించడానికి వచ్చాడు. కారు తలుపు తీసి సీటు కిందికి చూపించాడు. పచ్చటి మెతుకులు రెండు, ఎండిపోయి అక్కడే ఉన్నాయి. "నేనే ఎవర్నీ తుడవనివ్వలేదు" అన్నాడు.

మీ పని ఎంత పెద్దదైనా, వేళకు కడుపునిండా తినండి.