ఊరికే అమలాపురం

మా అబ్బాయి కారు నేనెక్కితే చాలు, గుప్పున నిమ్మకాయ సెంటు కొడుతుంది. నిమ్మచెట్టు మొహం చూడని ఆ వెధవ కంపు పీల్చగానే నాకు మా పెదనాన్న గుర్తొస్తారు. తొంభైల్లో ఆయన హైదరాబాదు నుంచి కారేసుకుని రాజోలు వచ్చినప్పుడల్లా అందులో ఇదే కంపు. అద్దం దించితే మాత్రం "దుమ్మొస్తుంది, ఎత్తండి" అని కసిరేవారు.

ఒక కార్తీకమాసంలో ఆయన వాళ్ళమ్మని, అంటే మా మామ్మని, ద్రాక్షారామం తీసుకెళ్తానంటే నేనూ ఎక్కాను. ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటాలి. అమలాపురం దాటకుండానే కారులోంచి పొగలు. మెకానిక్కు తొంగి చూసి, "సాయంత్రానికి అయిపోద్దండి, ఆయ్," అన్నాడు.

మా ఇళ్ళలో "అమలాపురం వెళ్ళేరు" అంటే ఎవరికో ఒంట్లో బాగోలేదని అర్థం. ఆ మాట చెవిన పడితే చాలు, పక్కింటివాళ్ళు "ఎవరికండీ?" అంటూ పరిగెత్తుకొచ్చేవారు. బతుకంతా రాజోల్లోనే గడిపినా మామ్మకి అమలాపురంలో తెలిసినవి ఆసుపత్రి బెంచీలూ, మందుల షాపులూ, ఫినాయిలు వాసనానే.

"ఈ దిక్కుమాలిన ఊళ్ళో చూడ్డానికేముందమ్మా!" అని పెదనాన్న జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. పుట్టిన సీమని చూసి ముక్కు మూసుకునే మనిషిని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మంటే.

మామ్మ ఆయన్ని షెడ్డులోనే వదిలేసి నా రెక్క పట్టుకుని బయల్దేరింది. గడియార స్తంభం దగ్గర మెడ నొప్పెట్టేదాకా తలెత్తి చూసి, గాజుల కొట్లో మోచేతులదాకా గాజులు వేయించుకుని మళ్ళీ తీయించేసి, కాలవ గట్టున కొబ్బరికాయలు దింపుతున్న పడవని, తడిసిన పీచు వాసన పీలుస్తూ, పనేమీ లేనిదానిలా నిలబడి చూసి, గోళీసోడా కొట్టిన చప్పుడికి చిన్నపిల్లలా ఉలిక్కిపడి నవ్వింది. మామ్మ అలా నవ్వడం ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. బల్ల తుడిచిన గుడ్డ బల్లకంటే మురికి. మామ్మ ఉల్లిపాయ వెయ్యని పెసరట్టు చెప్పింది. గల్లాపెట్టె దగ్గరాయన జాలిగా అడిగాడు:

"ఎవరికి బాగోలేదండీ మామ్మగారూ?"

"ఎవరికీ ఏం లేదు బాబూ. ఊరికే వచ్చేం."

"ఊరికేనాండీ?" అని ఆయన నోరెళ్ళబెట్టి, మరో అట్టు వేయించి పంపాడు.

సాయంత్రం కారెక్కుతూ మామ్మ, "ఒరేయ్, మళ్ళీ ఓ రోజు ఊరికే తీసుకురారా," అంది. పెదనాన్న "చూద్దాం" అన్నారు. తర్వాత మామ్మ అమలాపురం వెళ్ళకపోలేదు, కానీ ప్రతిసారీ తన ఒంట్లో బాగోకే. ఆఖరిసారి వెనకసీట్లో పడుకుని, "ఆ హోటలు దగ్గర ఒక్క నిమిషం ఆపరా, కూర్చుని వస్తాను," అని బతిమాలింది. "ఛ, ఈగలు ముసురుతుంటాయమ్మా," అని ఆయన అద్దాలెత్తి పోనిచ్చారు. మామ్మ ఇంటికి తిరిగి రాలేదు. ఎంత శుభ్రమైన కారో!

మొన్న మా అబ్బాయి దిండిలో హౌస్‌బోటు ఎక్కిస్తానని తీసుకెళ్తుంటే, అమలాపురంలో పట్టుబట్టి ఆపించాను. "ఇక్కడేముందమ్మా?" అన్నాడు, అచ్చం వాళ్ళ పెదతాతలాగే. కాలవలో పడవల్లేవు, నల్లటి బురదలో ప్లాస్టిక్ సీసాలూ కుళ్ళిన కోడి ఈకలూ తేలుతున్నాయి. ఛీ, నేనూ ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. గాజుల కొట్టు మందుల షాపైంది. హోటలున్న చోట అద్దాల ఆసుపత్రి లేచింది. లోపలికి అడుగుపెట్టగానే బల్ల దగ్గరమ్మాయి తలెత్తింది.

"పేషెంటు ఎవరండీ?"

"ఎవరూ లేరమ్మా. ఊరికే వచ్చేను."

ఆ పిల్ల మర్యాదగా పెన్ను తీసింది.

"ఊరికే అంటే, జనరల్ చెకప్పాండీ? ఆయ్, పేరు చెప్పండి."