చిన్నాయన ఆపేసిన ఆట

మంగళవారం పొద్దున మా చిన్నాయన పోయాడు. మా నాన్నకు తమ్ముడు. కాఫీ ఇచ్చి లోపలికి వెళ్ళి వచ్చేసరికి గ్లాసు ఇచ్చినది ఇచ్చినట్టే ఉంది, మనిషి లేడు. కాసేపటికే మా ఊరు ఆండర్సన్‌పేట వాట్సాప్ గ్రూపులో 'చెవిటి కోచ్ ఇక లేరు' అని పెట్టేశారు. ఆయనకూ ఒక పేరుండేది. బతికుండగా ఊళ్ళో ఎవరూ వాడని ఆ పేరును ఇప్పుడు కొత్తగా నేనూ వాడను.

పుట్టుకతోనే వినపడదు. చదువూ అబ్బలేదు, అట్లాంటి బిడ్డకు చెప్పే బడి మా దగ్గర ఆ రోజుల్లో ఎక్కడుంది? పెదాలు చూసి మాట పట్టేవాడు. ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడితే తెలుగైనా, తమిళమైనా, కన్నడమైనా ఆయనకొకటే. తిరిగి ఆయన మాట్లాడితే మాత్రం ముద్దముద్దగా వచ్చేది. మా ఊరి బంగారు గనిలో పేలుడుకు ముందు మోగే సైరను వినపడదని లోపలికి దించలేదు, పైన వడ్రంగం పనిలో పెట్టుకున్నారు. అదైనా ఫుట్‌బాల్ బాగా ఆడతాడని ఇచ్చిన పనే. గని జట్టులో ఎడమ పక్క పరిగెత్తేవాడు.

మొదట్లో రెఫరీ విజిల్ వేసినా ఈయన బంతి తీసుకుని పోతూనే ఉండేవాడట. జనం పడీపడీ నవ్వేవాళ్ళట. తర్వాత కిటుకు పట్టాడు. "ఇజిల్ కొడితే మనుసుల బుజాలు జారతాయమ్మా. అది సూస్తే సాలు" అని తన భుజాలు జార్చి నాకు చూపించాడు. నేను నమ్మక, టీవీలో మ్యాచి వస్తుంటే సౌండు తీసేసి చూశాను. నిజంగానే జారుతున్నాయి!

గనులు మూసేశాక ఊరికి ఊరే కుదేలైంది. మీసాలు మొలిచీ మొలవకముందే పిల్లలు పొద్దుటి రైలెక్కి బెంగళూరికి పోయేవాళ్ళు. కాపలా పనో, మూటలు మోసే పనో, ఏదో ఒకటి. ఆ రైలు నుంచి కొందరినైనా లాక్కోవాలని చిన్నాయన కోచ్ అయ్యాడు. గనిలో పిండి చేసి సైనైడుతో బంగారం తీసేసిన రాయంతా పోగుపడిన సైనైడ్ గుట్ట పక్కన బయలు చదును చేసుకున్నాడు.

ఆ ఆట చూడాల్సిందే. అరుపుల్లేవు, తిట్లు లేవు. ఆయన భుజం మీద ఎర్ర టవలు. అది తల మీదికి లేస్తే ఎక్కడివాళ్ళక్కడ ఆగాలి. కాళ్ళ దగ్గర బంతి ఉన్నా సరే, కంటి కొసతో ఆయన్ని కనిపెట్టుకుని ఉండాలి. "బంతి యాడికీ పోదురా, మనిసి పోతాడు. మనిసిని సూడు" అనేవాడు. మా అవ్వ ఉడుక్కునేది: "నోరుండే నా మాట ఇంట్లో ఒక్కరూ ఇనరు. వీడి టవలు మాట పిల్లోళ్ళంతా ఇంటా ఉండారు, సూడమ్మా!"

ఎన్నో ఏళ్ళకు ఆ జట్టు కోలారులో ఫైనలుకు వచ్చింది. గెలిచిన జట్టును బెంగళూరు లీగులో ఆడిస్తామనీ, పిల్లలకు ఉద్యోగాలు ఇప్పిస్తామనీ ఒక క్లబ్బువాళ్ళు మాటిచ్చారు. నేనూ వెళ్ళాను. చెరొక గోలు. ఆట ముగియవస్తోంది. గాలి లేచి దుమ్ము రేగింది. చిన్నాయన కళ్ళు నలుపుకుంటూ, దుమ్ము పోవాలని టవలు తీసి పైకెత్తి దులిపాడు.

మా పిల్లలంతా ఆగిపోయారు. గోల్‌కీపరు కూడా చేతులు దించేసి నిలబడ్డాడు. అవతలివాడు ఒక్క క్షణం బిత్తరపోయి, తర్వాత బంతిని మెల్లగా లోపలికి తోశాడు. జనం గొల్లుమన్నారు. చిన్నాయన టవలు చేతిలో పట్టుకుని, వీళ్ళెందుకు ఆగారా అని చూస్తున్నాడు. అర్థమైనప్పటి ఆయన ముఖాన్ని నేను చెప్పలేను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒక్కొక్కరి ముందుకూ వెళ్ళి నిలబడ్డాడు. ఒక్కొక్కరూ కిటికీ వైపు తిరిగిపోయారు. మనం ముఖం తిప్పుకుంటే ఆయనకు మాట తెగిపోయినట్టే. ఎంత పొగరు వీళ్ళకి, అని నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత ఆయన బయలుకు పోలేదు. కొన్నాళ్ళకే పిల్లలు ఒకరి వెనక ఒకరు రైలెక్కారు. చిన్నాయన ఎవరి ముఖమూ చూడటం మానేశాడు. కింద చూస్తూ తినేవాడు, కింద చూస్తూ తలుపులూ కిటికీలూ బాగుచేసేవాడు. నేను గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి "ఇంగొకసారి మొదలుపెట్టు చిన్నాయనా" అన్నాను. "ఆపింది నేనే గదమ్మా" అన్నాడు. అంతే. పదిహేనేళ్ళకు పైగా మా ఇంట్లో ఒక మనిషి అట్లా నేలను చూస్తూ బతికాడు. మేము చూస్తూ ఉండిపోయాం. బయలంతా ముళ్ళకంప పెరిగింది.

చిన్నాయన పోయిన రోజు శవాన్ని ఎత్తబోతుంటే ఆనాటి కెప్టెన్ వచ్చాడు. బెంగళూరులో ఏదో అపార్టుమెంటుకు వాచ్‌మన్. యూనిఫారం కూడా మార్చుకోలేదు. నాకు ఆగలేదు. "ఆ పొద్దు బస్సులో మొగం తిప్పుకుంటిరే, ఇప్పుడు యాడికి వచ్చినావప్పా?" అనేశాను.

వాడు నన్ను తెల్లబోయి చూశాడు. "కోపంతో గాదక్కా. ఏడుస్తా ఉంటిమి. సార్ సూస్తే ఇంగా బాధపడతాడని అట్ల తిరుక్కున్నాం."

"మళ్ళా చెప్పలేదేమప్పా?"

"రెండు తూర్లు ఇంటికి వచ్చినానక్కా. సార్ నా మొగం సూడనే లేదు. సూడకపోతే ఎట్ల చెప్పేది?"

ఇంత చిన్న మాట! ఇన్నేళ్ళు!

వాడు పాడె పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చిన్నాయన ముఖానికి ఎదురుగా తన ముఖం తెచ్చి, గొంతు లేకుండా, పెదాలు బాగా కదిలిస్తూ, విడివిడిగా అన్నాడు: "మీ తప్పు గాదు సార్." ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ అంటూనే ఉన్నాడు.

ఆ కళ్ళు పొద్దున్నే నా చేత్తో నేనే మూశాను.