ఓర్పున్న పెట్రోలు

వాల్పరాయిసో రేవులో చచ్చినవాళ్ళు కాస్త ఆలస్యమైనా ఎవరూ ఏమీ అనుకోరు. కానీ ట్యాంకులో తొంభైఏడు నంబరు పెట్రోలు లేకపోతే మాత్రం శవాలబండి డ్రైవరు దోన్ ఎవరిస్తో కిలొద్రాన్ ఏ శవాన్నీ కొండెక్కించడు. పాదిరీ శ్మశానం గేటు దగ్గర వానలో నానుతూ నిలబడనీ, చుట్టాలు ఏడ్చి ఏడ్చి అలసిపోనీ, పెట్రోలు ముల్లు పావుకి దిగిందంటే ఆ పొడుగాటి నల్లబండి శ్మశానం దారి వదిలి బంకు దారి పట్టేది. శవంతో సహా.

బంకులో మూడు రకాలుండేవి. తొంభైమూడు, తొంభైఐదు, తొంభైఏడు. అంకె పెరిగితే ధరా పెరుగుతుంది. అక్కడ పనిచేసే గుమెర్సిందో గొట్టం చేత్తో పట్టుకుని ప్రతిసారీ ఒకే మాట అడిగేవాడు.

"చచ్చినోళ్ళకి అంత తొందరేంటి దోన్ ఎవరిస్తో? తొంభైమూడు పోస్తే చేరరా?"

"తొందర సంగతి కాదు. నువ్వు పొయ్యి."

విచిత్రమేమిటంటే, ఈ పెద్దమనిషి ఊళ్ళో మిగతా అందరికీ తొంభైమూడే పోయించుకోమని చెప్పేవాడు. చెప్పడానికి వేళా పాళా ఉండేది కాదు. ఒకసారి ఒక రిజిస్ట్రారుగారు పోతే, పూలచక్రం మోసుకుంటూ లోపలికి వెళ్ళినవాడు ఆయన అల్లుడి పక్కన ఆగిపోయాడు.

"బయటున్న చిన్నబండి మీదేనా బాబూ? ఏం పోస్తున్నారు?"

"తొంభైఏడండీ. మంచిది కదా."

"ఎందుకండీ దండగ? మీ ఇంజన్ని తొంభైమూడుకనే చేశారు. లీటరుకి దీంతో ఎన్ని కిలోమీటర్లిస్తుందో దాంతోనూ అన్నే ఇస్తుంది. కావాలంటే కొలుచుకోండి."

"కానీ పికప్ బాగుంటుందండీ."

"ఆ పికప్ మీ మనసులో ఉంది. బాదంపప్పు పెట్టినంత మాత్రాన గాడిద గుర్రమవదు."

శవపేటిక పక్కన కూర్చున్న రిజిస్ట్రారుగారి భార్య రుమాలు కళ్ళ మీంచి తీసింది. "మా ఆయన పదేళ్ళుగా తొంభైఐదు పోయించాడు. అదీ దండగేనా?"

"దండగేనమ్మా," అన్నాడు ఎవరిస్తో తలవంచి. "దేవుడు ఆయన ఆత్మకి శాంతినిచ్చుగాక."

దోన్యా సునిల్దా ఓయార్సెకి మండిపోయేది ఇక్కడే. లోకమంతటికీ తొంభైమూడు చాలట, అతను తోలే బండికి మాత్రం తొంభైఏడు కావాలట. ఎవరిస్తో పనిచేసే శవపేటికల కొట్టు ఆమెదే, తండ్రి పోయాక రెండేళ్ళుగా ఆమే నడుపుతోంది. నడుపుతోంది అనడం కంటే ఈడుస్తోంది అంటే సబబు. ఊళ్ళో చావులకేం కొదవ లేదు. కానీ అవన్నీ కొండ దిగువన కొత్తగా వెలిసిన పెద్ద కంపెనీ వాకిలికే పోతున్నాయి. ఈమె వాకిలికి వచ్చేది జూన్ చలికాలపు వాన, సముద్రం మీది పొగమంచు, పక్కవీధి పిల్లి. సునిల్దా స్వతహాగానే నవ్వే మనిషి కాదు. ఆ చలికాలం మరీ తన కొట్లో సరుకులా తయారైంది.

చివరికి గుండె రాయి చేసుకుంది. పాత బండి ఇచ్చేసి కొత్త వ్యాను తీసుకోవాలని మాట్లాడేసింది. వ్యాను అమ్మేవాడు శనివారం వస్తాడు. దాన్ని మేనల్లుడు నడుపుతాడు. అంటే పాతబండితో పాటు పాత డ్రైవరూ ఇంటికి. ఆ మాట చెప్పిన రోజు ఎవరిస్తో, "అలాగే అమ్మాయిగారూ" అని మాత్రం అని, వెళ్ళి బండి తుడవడం మొదలెట్టాడు. అతనికి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, అరవై ఎనిమిదేళ్ళున్నాయి. అది తెలిసే చెప్పింది కాబట్టి సునిల్దాకి ఆ రాత్రి అన్నం సయించలేదు. సయించకపోవడంతో కోపం అతని మీదికే మళ్ళింది.

మర్నాడు నిలదీసింది. "మన బండికే ఎందుకండీ తొంభైఏడు? అది పోస్తే ఎగురుతుందా?"

ఎవరిస్తోకి ఈ ప్రశ్నంటే పండగ. "ఎగరదు. ఖరీదైనదానికి బలమెక్కువని అందరూ అనుకుంటారు. అబద్ధం. దానికి ఎక్కువున్నది ఓర్పు. ఇంజను పెట్రోలు ఆవిర్ని పట్టి గట్టిగా నొక్కుతుంది. స్పార్కు వచ్చేదాకా అది ఓర్చుకోవాలి. చవకరకం ఓర్చుకోలేదు, ముందే భగ్గుమంటుంది. అప్పుడు లోపల టకటకా కొడుతుంది. ఇప్పటి బళ్ళకి దాన్ని కనిపెట్టి సర్దుకునే తెలివుంది. మనది అరవైనాలుగు నాటిది. తెలివి లేదు, నొక్కడం మాత్రం రాక్షసిలా నొక్కుతుంది."

"కొడితే కొట్టనివ్వండి. ఎవరు వింటారు? వెనకాల పడుకున్నాయన వింటాడా?"

తుడిచే గుడ్డ ఒక్క క్షణం ఆగింది. "ఇంజను పాడవుతుందమ్మాయిగారూ," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

గురువారం ఒతీలియా అనే ముసలామె వచ్చింది. రేవులో క్రేను నడిపి రిటైరైన అన్సెల్మో రిఫో ఆమె భర్త. ముందురోజు పోయాడు. పేటిక ఎంచుకుంటూ చెక్క మీద గోటితో మూడుసార్లు కొట్టి చూసింది.

"టీ కావాలంటే ఇలాగే కొట్టేవాడమ్మా టేబులు మీద. నోరు తెరిచి అడిగే అలవాటు లేదు. నలభై తొమ్మిదేళ్ళు. నేను వంటింట్లో ఎంత పనిలో ఉన్నా వినపడేది." చెక్క మీంచి చెయ్యి తీసి, "నిన్న సాయంత్రం, ఆయన పోయాక కూడా, టీకి నీళ్ళు పెట్టేశాను," అంది.

ఆ మధ్యాహ్నం ఎవరిస్తో టీకి వెళ్ళినప్పుడు సునిల్దా బండి తాళం తీసుకుంది. ముల్లు పావు దగ్గరికి దిగి ఉంది. తనే బంకుకి తోలుకెళ్ళి తొంభైమూడు నింపించింది. పోయేముందు ఆ ముసలాడి చాదస్తం చాదస్తమేనని రుజువు చేసి పంపాలని ఆమె పంతం. అది రుజువైతే అతన్ని పంపడం తప్పుకాదన్న ధైర్యం వస్తుందని లోపల ఆశ. ఆ రెండోది ఆమె తనకి తానే చెప్పుకోలేదు.

శుక్రవారం పొద్దున వాన. ముందు సీట్లో ముగ్గురు కూర్చున్నారు. ఎవరిస్తో, మధ్యలో ఒతీలియా, ఈ చివర సునిల్దా. వెనకాల అన్సెల్మో. ఆ వెనక రేవు కార్మికులతో రెండు బస్సులు. సముద్రం ఒడ్డున చదునుదారిలో బండి వెన్నలా సాగింది. సునిల్దా కిటికీలోంచి చూస్తూ పెదవి బిగించుకుంది, నవ్వు కనపడకూడదని.

ప్లాయా అంచా కొండ మొదలైంది. రెండో మలుపు దగ్గర దారి నిట్టనిలువుగా లేచింది. ఎవరిస్తో పెడలు తొక్కాడు.

టక్ టక్ టక్.

ఎవరో చెక్క మీద గోటితో కొట్టినట్టు.

ఎవరిస్తో ముఖం తెల్లబోయింది. పెట్రోలు ముల్లు వైపు చూశాడు, తర్వాత సునిల్దా వైపు చూశాడు. మళ్ళీ, టక్ టక్ టక్.

ఒతీలియా వెనక్కి తిరిగింది. "అన్సెల్మో," అంది నెమ్మదిగా. తర్వాత ఎవరిస్తో చెయ్యి పట్టుకుంది. "బండి ఆపు నాయనా. మూత తియ్యి. ఆయన పిలుస్తున్నాడు."

ఎవరు వింటారని సునిల్దా అడిగిన మాటకి జవాబు పక్కసీట్లోనే కూర్చుని వణుకుతోంది.

ఎవరిస్తో ఇంజను ఆపకుండానే బండి పక్కకి తీసి నిలిపాడు. "అమ్మా, అది నా తప్పు. నిన్న చవక పెట్రోలు పోయించాను. ఇంజను దగ్గుతోంది, అంతే." ఆమె నమ్మలేదు. నమ్మదని అతనికీ తెలుసు. అందుకే వానలోకి దిగి, తన వైపు తలుపు పట్టుకుని, "మీరు ఇటు జరగండి," అన్నాడు. ఎనభై ఏళ్ళ విధవరాల్ని శవం బండి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. బస్సుల్లోంచి దిగిన కార్మికులు టోపీలు చేత్తో పట్టుకుని నోళ్ళు తెరిచి చూస్తున్నారు. అతను తలుపు సందులోంచి లోపలికి వంగి, బండి కదలకుండా చేత్తో బ్రేకు గట్టిగా అదిమి పట్టాడు. "ఇప్పుడు మీ కాలితో ఆ పక్క పెడలు తొక్కండి."

ఆమె నల్లబూటుతో భయంభయంగా తొక్కింది. టక్ టక్ టక్.

"తియ్యండి."

ఆగిపోయింది.

"మళ్ళీ."

టక్ టక్ టక్.

"తియ్యండి. చూశారా? మీరు కొట్టమంటే కొడుతోంది, మానమంటే మానుతోంది. అన్సెల్మోగారు ఎన్నడైనా ఇలా మీ మాట విన్నారా?"

ఒతీలియా ఆలోచించింది. "నలభై తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా లేదు," అంది. నోటి చివర చిన్నగా వణికింది. అది ఏడుపు కాదు. "అయితే ఆయన కాదులే."

సీటు మారాక ఎవరిస్తో బతిమాలుతున్నట్టు అన్నాడు. "చిన్నగా పోనిస్తానమ్మా. చప్పుడు తగ్గుతుంది."

"వద్దు నాయనా. పెట్రోలేనని తెలిసిందిగా. కొట్టనీ," అందామె. "పైకి చేరేదాకా టీ అడగనీ."

అలా అన్సెల్మో రిఫో మిగిలిన నాలుగు మలుపులూ టీ అడుగుతూనే ఎక్కాడు.

అంతా అయ్యాక శ్మశానం గోడ పక్కన, కారే చూరు కింద సునిల్దా అడిగింది. "ఇది ముందే చెప్పొచ్చు కదా నాకు?"

"మీ నాన్నగారి హయాంలో ఒకసారి జరిగింది. పెట్రోలు దొరక్క ఏదో ఒకటి పోశాను. పేటికలో ఉన్నది తొమ్మిదేళ్ళ పాప. వాళ్ళమ్మ విన్నది." ఎవరిస్తో టోపీ నీళ్ళు దులిపాడు. "నడిరోడ్డు మీద మూత తియ్యాల్సొచ్చింది అమ్మాయిగారూ. చూసేదాకా ఆవిడ ఊరుకోలేదు. అప్పటికి నాకీ బ్రేకు ఉపాయం తట్టలేదు."

"మరి ఈ కంప్రెషనూ, మైలేజీ పాఠాలన్నీ?"

"నిజం చెప్తే ఊరంతా ఆ చప్పుడు కోసం చెవులు రిక్కిస్తుంది. చాదస్తపు ముసలాడనుకుంటే ఎవరూ వినరు. పైగా పాఠం కూడా నిజమే కదా."

సునిల్దా ఏడవలేదు, ఆమె ఏడ్చే మనిషీ కాదు. ముక్కు మాత్రం చాలాసేపు తుడుచుకుంది. శనివారం వ్యాను అమ్మేవాడు వచ్చి, ఇది తొంభైమూడుతో హాయిగా నడుస్తుందండీ అన్నాడు. నడవనివ్వండి, వేరే ఎక్కడైనా, అని సాగనంపింది.

సోమవారం బంకులో ఎవరిస్తో పక్కన ఆమె కూడా కూర్చుని ఉంది.

"తొంభైఏడు," అంది ఆమే ముందుగా.

"చచ్చినోళ్ళకి తొందరేంటమ్మా?" అన్నాడు గుమెర్సిందో.

"తొందర కాదయ్యా, ఓర్పు కావాలి. మా ఇంజను గట్టిగా నొక్కుతుంది," అంది. తర్వాత కిటికీలోంచి తల బయటికి పెట్టి, పక్క గొట్టం దగ్గర చిన్నబండిలో ఉన్న కుర్రాణ్ణి పిలిచింది. "ఏం బాబూ, నువ్వేం పోయిస్తున్నావు? తొంభైఏడా? ఎందుకు దండగ?"

ఎవరిస్తో స్టీరింగు మీద తల ఆనించుకుని, ట్యాంకు నిండేదాకా నవ్వుతూనే ఉన్నాడు.